ఆపరేషన్ ఉల్లిపొర

సుంబో హత్య జరిగిన పదకొండు నెలలకు ఆమె లాప్‌టాప్ అకిన్‌లబి చేతికి వచ్చింది.

విచారణ ముగిసిందట. హంతకుడు దొరకలేదట. "సాక్ష్యంగా ఇక పనికిరాదు" అని చీటీ అంటించి, లక్కముద్ర వేసిన సంచిలో పెట్టి పంపారు. అకిన్‌లబి ఆ చీటీ చదివి, నలిపి, కాలికింద వేసి తొక్కాడు. తొమ్మిదేళ్లు పక్కన నడిచిన మనిషి, రెండుసార్లు అతని ప్రాణం కాపాడిన మనిషి, అంత తేలిగ్గా పనికిరాకుండా పోతుందా?

ఎబుటే మెట్టాలో రైలు పట్టాల పక్కన అతని ఫోటో స్టూడియో ఉంది. లాగోస్‌లో ఏ పెళ్లికి వెళ్లినా, ఏ పుట్టినరోజుకు వెళ్లినా మెడలో రెండు కెమెరాలు వేలాడేసుకుని, ఫోటోలు అక్కడికక్కడే ప్రింటు తీసి, అతిథులు కారెక్కేలోపు వాళ్ల చేతిలో పెట్టే అకిన్‌లబిని చాలామందే ఎరుగుదురు. అతను దేశపు గూఢచారి శాఖ మనిషని మాత్రం ఐదుగురికే తెలుసు. ఆ ఐదుగురిలో ఒకరు ఇప్పుడు లేరు.

అతను లాప్‌టాప్ తెరిచాడు. సుంబో చివరగా చూసిన ఫోటో అలాగే ఉంది. ఇబాదాన్‌లో జరిగిన ఒక పెళ్లికి బంధువులంతా కట్టుకోవాల్సిన కుటుంబపు బట్ట, అసో ఎబి, ఫోటో అది. అదే ఫోటో అతని డెస్క్‌టాప్‌లో కూడా ఉంది. రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూశాడు. డెస్క్‌టాప్‌లో సముద్రపు పచ్చ. లాప్‌టాప్‌లో అదే పచ్చ, కానీ కాస్త పసుపు కలిసిన పచ్చ.

రెండు తెరల వెలుగూ సమానం చేసి మళ్లీ చూశాడు. తేడా అలాగే ఉంది.

ఆ శుక్రవారం సుంబో ఇదే గుమ్మంలో నిలబడి అడిగింది. "అకిన్, ఈ బట్ట రంగు నీ డెస్క్‌టాప్‌లో ఒకసారి చూడవా? నా దాంట్లో ఏదో తేడాగా అనిపిస్తోంది" అని. అతను నాలుగు వందల పెళ్లి ఫోటోలు ముందేసుకుని తల ఎత్తకుండా, "సోమవారం చూద్దాంలే సుంబో" అన్నాడు. శనివారం ఆమె ఆ లాప్‌టాప్ తెరను నమ్మి కొన్న బట్ట కట్టుకుని, శాఖ పని మీద ఆ పెళ్లికి వెళ్లింది. మూడు వందల మంది సముద్రపు పచ్చలో ఉన్న హాల్లో ఆమె ఒక్కతే పసుపు కలిసిన పచ్చలో నిలబడింది. లోపల అడుగు పెట్టగానే ఆమెకు అర్థమైపోయినట్టుంది. "జొలోఫ్ మాడింది" అని మెసేజ్ పంపింది. జొలోఫ్ అంటే విందుల్లో వండే టమాటా అన్నం. అది మాడిందంటే, ప్రమాదంలో ఉన్నానని వాళ్ల సంకేతం. అకిన్‌లబి అప్పటికి ఇంకా లాగోస్‌లోనే, మూడో వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాడు. పది నిమిషాల తర్వాత వంటశాల వెనక, మెడలో సూది దిగిన చిన్న గుర్తుతో ఆమె దొరికింది.

పదకొండు నెలలుగా అతను తనను తానే తిట్టుకుంటున్నాడు. సోమవారం అన్న మాట నాలుక మీద పుండులా ఉండిపోయింది.

సొరుగులోంచి అరచేతిలో ఇమిడే నల్లటి పరికరం తీశాడు. తెరకు అతికిస్తే, ఆ తెర చూపించే రంగుల్ని ఒక్కొక్కటిగా కొలిచి, ఎక్కడ ఎంత తప్పు ఉందో చెబుతుంది. గోడకు కరుచుకుని తల ఊపే తొండలా ఉందని సుంబో దానికి తొండ అని పేరు పెట్టింది. తొండ కొలిచి చెప్పిన తప్పును సరిదిద్దడానికి లాప్‌టాప్‌లో ఒక చిన్న ఫైలు పెడతారు. దాన్ని ప్రొఫైల్ అంటారు. తెరకు పెట్టే కళ్లజోడు అనుకోవచ్చు.

తొండ కొలవడం మొదలుపెట్టింది. ఎరుపు సరిగ్గా ఉంది. నీలం సరిగ్గా ఉంది. బూడిద రంగు సరిగ్గా ఉంది. ఒక్క పచ్చ దగ్గరే, అదీ ఒకే ఒక్క ఛాయ దగ్గర, తెర పక్కకు జారింది.

పాతబడిన తెర ఇలా జారదు. పాతబడితే అన్ని రంగులూ కలిసి చెడతాయి. ఎవరో ఈ లాప్‌టాప్‌కు కావాలని తప్పు కళ్లజోడు పెట్టారు.

అకిన్‌లబి ఫైలు తారీఖు చూశాడు. మార్చి పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం రెండు నలభై. లాప్‌టాప్‌తో పాటు అదే సంచిలో వచ్చిన సుంబో డైరీ తీసి అదే రోజు పేజీ తిప్పాడు. ఆమె కోడిగీతల అక్షరాలు: "రెమీ కొట్టు. బట్ట చూశా. లాప్‌టాప్ అక్కడే పెట్టి భోంచేసి వచ్చా."

అతను పదకొండు నెలల్లో మొదటిసారి తనను తిట్టుకోవడం ఆపాడు. ఇక తిట్టాల్సిన మనిషి వేరే ఉంది.

*

"కూర్చో" అంది కోకర్ మేడమ్.

శాఖకు పెద్ద ఆవిడే. అరవై రెండేళ్లు. ఇకోయిలో పళ్ల డాక్టరు క్లినిక్ వెనక గదిలో కూర్చుని, కాల్చిన అరటికాయ, వేరుశనగలు తింటూ దేశాన్ని కాపలా కాస్తుంది. అకిన్‌లబి చెప్పినదంతా విని, ఆమె చేతిలోని అరటికాయ పొట్లం పక్కన పెట్టింది. ఆవిడ తిండి పక్కన పెట్టిందంటే విషయం చాలా దూరం వెళ్లినట్టే.

"రెమిలేకున్. బాలొగున్ బజారులో బట్టల కొట్టు. ఆరేళ్లుగా మనకి కబుర్లు అందిస్తోంది. మన దగ్గర తింటూ వాళ్లకీ వండి పెడుతోందన్నమాట."

"ఇవాళే దాన్ని లాక్కొస్తా మేడమ్."

"తెచ్చి?"

"తెచ్చి... " అకిన్‌లబి పిడికిలి బిగించాడు.

"తెలుసు. నాకూ అదే చేయాలనుంది" అందావిడ. "సుంబోని ఈ శాఖలోకి తెచ్చింది నేను. వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పింది కూడా నేనే. కానీ రెమీ కేవలం బట్ట అమ్మింది. సూది గుచ్చింది గెద్ద."

ఆ పేరు వినగానే అతను తలెత్తాడు. డెల్‌మార్ అనే విదేశీయుడు నడిపే ముఠా ఒకటుంది. ఇక్కడి బంగారం దొంగదారిన ఎగుమతి చేసి, తిరుగు ఓడల్లో తుపాకులు దించుతుంది. అడ్డొచ్చిన వాళ్లని విందుల్లోనే చంపించడం వాళ్ల పద్ధతి. విందులో దూరి, పళ్లెంలో మాంసం తన్నుకుపోయినట్టు ప్రాణం తన్నుకుపోయే ఆ హంతకుడికి శాఖ గెద్ద అని పేరు పెట్టింది. మొహం ఎవరూ చూడలేదు. ఫోటో లేదు.

"అసలు రంగు మార్చడం ఎందుకు మేడమ్? రెమీకి సుంబో మొహం తెలుసుగా?"

"సుంబో ఏ రోజు ఏ వేషంలో వెళ్తుందో నీకే తెలిసేది కాదు. మన కబురుగత్తెల ఫోన్లన్నీ మనం వింటాం, అది రెమీకి తెలుసు. ఫోటో పంపలేదు. అందుకే మనిషికి గుర్తు పెట్టకుండా బట్టకి పెట్టింది. రంగు తప్పిన మనిషి ఎవరో వాళ్లే శత్రువు. ఇంతే కబురు."

అకిన్‌లబి సుంబో డైరీని ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"శనివారం జస్టిస్ అయొకా సోవాండే గారి డెబ్బయ్యో పుట్టినరోజు" అంది కోకర్ మేడమ్. "సోమవారం ఆవిడ డెల్‌మార్ ముఠా మీద నివేదిక ఇస్తోంది. పేర్లతో సహా. అంటే శనివారం గెద్ద వస్తుంది. నాలుగు వందల మంది. పోలీసులతో తడిమిస్తామంటే జడ్జి గారు మండిపడింది. 'నా పుట్టినరోజుకి వచ్చిన చుట్టాల్ని దొంగల్లా చూస్తారా' అని."

"అసో ఎబి రంగేంటి?"

"ఉల్లిపొర రంగు. ఎర్ర ఉల్లిపాయ పైపొర ఉంటుందే, కాస్త ఊదా తిరిగిన గులాబీ, అది. బజారువాళ్లు నకలు దించకుండా కుటుంబం దాచిపెట్టింది. చివరి రెండు రోజుల్లో చుట్టాల ఇళ్లకి మాత్రమే పంచుతారు. ఎవరికిచ్చారో జాబితా ఉంది."

అకిన్‌లబి మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. ఆ బట్ట కట్టుకున్న వాణ్ణి గుమ్మం దగ్గర ఎవరూ నువ్వెవరని అడగరు. చుట్టమే అనుకుంటారు, పళ్లెం చేతికిస్తారు. గెద్ద లోపలికి రావాలంటే ఆ బట్ట కావాలి. జాబితాలో లేనివాడికి బట్ట దొరకదు. కాబట్టి బాలొగున్‌లో అందరూ చేసేదే వాళ్లూ చేస్తారు. ఫోటో తెరిచి, తానుల్ని తెర పక్కన పెట్టి, ఏది కలిస్తే అది కోస్తారు. సుంబో చేసిందీ అదే.

"జడ్జి గారి ఫోటోగ్రాఫర్‌గా నన్ను పెట్టించండి మేడమ్" అన్నాడు. "రెమీకి నేను శాఖ మనిషినని తెలియదు. మిగతాది నాకొదిలేయండి."

"గెద్ద నాకు ప్రాణాలతో కావాలి, అకిన్."

ఆవిడ రెండోసారి అదే మాట చెప్పాకే అతను తల ఊపాడు.

*

రెమీ కొట్టులో అడుగు పెడితే ఎవరికైనా కళ్లు చెదురుతాయి. సగం తానుల వల్ల, సగం రెమీ వల్ల. పొడవాటి మెడ, వెన్నలా జారే పట్టు గౌను, నవ్వితే ఎదుటివాడు పర్సు తీసే నవ్వు.

"అయ్యో ఫోటోగ్రాఫర్ గారూ! ఎన్నాళ్లకి దారి తప్పారు! జడ్జి గారి పని మీకే దొరికిందటగా? ఇక మాలాంటి వాళ్లు కంటికి ఆనతామా?"

"మీరు ఆనకపోతే కంటికి చికిత్స చేయించుకోవాలి, ఆంటీ రెమీ" అన్నాడు అకిన్‌లబి, పళ్లు కనిపించేలా నవ్వుతూ. ఆ నవ్వు నవ్వడానికి అతను దారంతా సాధన చేశాడు. సుంబో భోజనానికి వెళ్లినప్పుడు లాప్‌టాప్ ఏ బల్ల మీద ఉందో అతనికి చూడగానే తెలిసిపోయింది. కిటికీ పక్కనున్న బల్ల.

"ఇలా రండి, మీతో పనుంది. నా గోల వినండి. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి కొంటారు, బట్ట ఇంటికెళ్లాక రంగు వేరేగా ఉందని నన్ను దొంగముండ అంటారు. ఈ లాప్‌టాప్‌లో ఒక రంగు, ఆ డెస్క్‌టాప్‌లో ఒక రంగు. దేన్ని నమ్మాలి? మీరు స్క్రీన్లు బాగుచేస్తారటగా?"

"ఓ, అదెంత పని! ఇవాళే చేసేస్తా."

"ఇంకో చిన్న పని. జడ్జి గారి పార్టీ బట్ట... ఒక్క ముక్క చూపించండి. దానికి కలిసే చెప్పులు, సంచులు తెప్పించి పెట్టుకుంటా. నాలుగు వందల మంది ఆడవాళ్లు, ఊరికే పోనిస్తానా?"

"ముక్క తేలేనండీ బాబూ. జడ్జి గారి చెల్లెలు పిన్నులు గుచ్చి లెక్కపెట్టి ఇచ్చింది. ఒక్క దారం తగ్గితే నా తోలు వలుస్తుంది." అతను గొంతు తగ్గించాడు. "ఫోటో అయితే తీశా. మీకు కాబట్టి ఇస్తా."

రెమీ కళ్లు ఒక్క క్షణం మెరిశాయి. తర్వాత ఆమె అతనికి చల్లటి జోబో షర్బత్తు గ్లాసు తెప్పించింది.

తొండను ముందు లాప్‌టాప్‌కు అతికించాడు, తర్వాత డెస్క్‌టాప్‌కు. వాటి మీద రంగులు ఒకదాని వెంట ఒకటి మారుతుంటే రెమీ సినిమా చూసినట్టు చూసింది. పని పూర్తయ్యాక రెండు తెరల మీదా జడ్జి గారి పార్టీ బట్ట ఫోటో పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"అబ్బ! అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి" అంది రెమీ. కానీ ఆమె తెలివి తక్కువది కాదు. అరల్లోంచి ఎర్ర తాను, నీలం తాను, పసుపు తాను, నిమ్మపచ్చ తాను దింపి, వాటి ఫోటోల పక్కన పెట్టి చూసింది. అన్నీ కలిశాయి. కలవాలి కూడా. అకిన్‌లబి వాటి జోలికి పోలేదు. ఒక్క ఉల్లిపొర ఛాయనే, రెండు తెరల్లోనూ సమానంగా, ఊదా వైపు నుంచి ఇటుక వైపుకు కాస్త జరిపాడు.

రెండు తెరలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ఆమె నమ్మింది. అవి కూడబలుక్కుని అబద్ధమాడుతున్నాయని ఆమెకు తోచలేదు.

"మీ బాకీ ఎలా తీర్చుకోను?" అంది గుమ్మం దాకా వచ్చి.

"తీరుతుందిలెండి, ఆంటీ" అన్నాడు అకిన్‌లబి.

మర్నాడు అటుగా వెళ్తూ కొట్టులోకి తొంగిచూశాడు. మూడో అరలో ఇటుక ఛాయ తిరిగిన గులాబీ తాను ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. శాఖ వాళ్లు ఆ తానుని వెంబడించారు గానీ, బాలొగున్ జనంలో అది ఒక నెత్తి మీంచి ఇంకో నెత్తి మీదికి మారి, అరగంటలో మాయమైంది. గెద్ద ఎవరో శనివారం దాకా తెలియదు.

*

శనివారం వాన దంచేసింది.

అకిన్‌లబి లెక్క తేలికైనది. పట్టపగలు, గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేవాళ్లని ఫోటోలు తీస్తూ, వెలుతుర్లో ఇటుక ఛాయ ఎక్కడ కనిపిస్తే అక్కడ పట్టుకోవడం. కానీ వాన మొదలవగానే అతిథులంతా గొడుగుల కింద పరుగెత్తుకుంటూ పక్క తలుపుల్లోంచి హాల్లోకి పోయారు. హాల్లో కిటికీలకు తెరలు దించేశారు. లైట్ల మనిషి, అతని చేతులు విరగ, హాలంతా ఊదా రంగు దీపాలతో నింపేశాడు. ఆ వెలుగులో నాలుగు వందల మంది బట్టలూ ఒకేలా వంకాయల్లా ఉన్నాయి.

"మేడమ్" అన్నాడు, టోపీలో కుట్టిన మైకులోకి. "కళ్లతో ఏమీ తెలియట్లేదు. ఫ్లాష్ వేసి తీస్తా. ఫ్లాష్ పడిన క్షణంలో అసలు రంగు బయటపడుతుంది. ఫోటోలు నేరుగా మీ డెస్క్‌టాప్‌కి వస్తాయి. మీరు చూడాలి."

"నేనా? నాకు రంగులేం తెలుసురా?"

"పొద్దున మీ డెస్క్‌టాప్‌కీ నా లాప్‌టాప్‌కీ రెండింటికీ తొండ పెట్టాను. అసలు బట్ట ముక్క మీ బల్ల మీదే ఉంది. దాంతో కలవని మనిషి ఎవరో చెప్పండి చాలు."

అతను హాల్లోకి దిగాడు. ఆవిరి మీద ఉడికిన మోయిన్ మోయిన్ అలసంద కుడుములు, మిరియాల మాంసం, పొగచూరిన జొలోఫ్ వాసన. డోలు వాళ్లు పేరుపేరునా పొగుడుతూ వాయిస్తున్నారు. ఆడవాళ్ల తలల మీద గెలే గుడ్డలు గోపురాల్లా లేచి ఉన్నాయి. ఫ్లాష్. ఫ్లాష్. ఫ్లాష్.

"బాబూ, ఇటు ఒకటి తీయవా?"

లావుపాటి పెద్దావిడ. పెద్ద గెలే, పెద్ద కళ్లజోడు, చేతులకు తెల్లటి పట్టు తొడుగులు.

"మంచిగా తీయి నాయనా. నన్ను ఏనుగులా రానీకు."

"మీరా ఏనుగు, మమ్మీ? కొత్తపెళ్లికూతుర్లా ఉన్నారు. ఆ తొడుగులొకటి తీసేస్తే..."

"వద్దులే, చేతులు ముడతలు పడ్డాయి. ముసలిదాని సిగ్గు నీకేం తెలుసు" అని ఆవిడ కిలకిలా నవ్వింది. అతనూ నవ్వి, ఫ్లాష్ వేసి, ముందుకు నడిచాడు.

అరగంట గడిచింది. కోకర్ మేడమ్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. నూట ఎనభై ఫోటోలు. రెండు వందల అరవై. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గెద్ద రాలేదేమో. రెమీ ఆఖరి నిమిషంలో అసలు బట్ట సంపాదించిందేమో. ఇవాళ కూడా ఆలస్యమైపోతే ఇక ఈ మెడలో కెమెరా వేసుకోలేనని అకిన్‌లబి అనుకున్నాడు.

అప్పుడు హాలు మైకులో పిలుపు వినిపించింది. "మన అమ్మ, మన జడ్జి గారు, డాన్సుకి వస్తున్నారహో!"

హాలంతా ఒక్కసారి లేచింది. జస్టిస్ సోవాండే చేతులు చాచి, నడుం ఊపుతూ మధ్యలోకి వచ్చింది. చుట్టాలు, అక్కడి ఆనవాయితీ ప్రకారం, కానుకగా డబ్బు నోట్లు పట్టుకుని చుట్టూ మూగారు. ఒక్కొక్కరే ఆడుతూ దగ్గరికొచ్చి ఆవిడ నుదుటి మీద నోటు అంటిస్తున్నారు. అది చూసి అకిన్‌లబి బుర్రలో విషయం తట్టింది. ఇంత దగ్గరికి, చేతిలో కాగితం పట్టుకుని, చర్మం మీద అద్దడానికి ఎవరికైనా అనుమతి ఉన్న చోటు ఇది ఒక్కటే. ఈసారి సూది అక్కర్లేదు, నోటుకు విషం పూస్తే చాలు.

కెమెరా తలమీదికి ఎత్తి గుంపు మీద గుడ్డిగా ఫ్లాష్ కొట్టాడు.

"జొలోఫ్ మాడింది!" కోకర్ మేడమ్ గొంతు చెవిలో పగిలింది. "జొలోఫ్ మాడింది అకిన్! ఒక్కతే తేడాగా ఉంది. ఇటుకలా. కానీ... నా తెర అలా చూపిస్తోందేమో? ముసలావిడరా, పాపం ఎవరి అమ్మమ్మో..."

"మీ తెరా నా తెరా ఒకటే మేడమ్! ప్రమాణం! ఎవరు?"

"తెల్ల తొడుగులు!"

ఆవిడ అప్పటికే జడ్జి గారి ఎదుట ఉంది. మోకాళ్లు వంచి, భుజాలు తిప్పుతూ ఆడుతోంది. తొడుగు వేసిన వేళ్ల మధ్య కొత్త నోటు. జడ్జి గారు నవ్వుతూ నుదురు ముందుకు వంచింది.

అకిన్‌లబి ఇద్దరు మేనమామల్ని తోసుకుంటూ, ఒక కేకు బల్లను కుదిపి దూకాడు. నోటు నుదుటికి బొటనవేలంత దూరంలో ఉండగా ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"మమ్మీ, నాతో ఒక డాన్సు" అన్నాడు గట్టిగా, నవ్వుతూ.

చుట్టూ ఉన్నవాళ్లు ఈలలేశారు. ఫోటోగ్రాఫర్‌కు మందు ఎక్కిందనుకున్నారు. డోలు వాళ్లు ఇంకా ఊపుగా వాయించారు. అతను ఆ మణికట్టును డాన్సులో తిప్పినట్టే తిప్పి వీపు వెనక్కి విరిచాడు. ముసలావిడ భుజంలో ముసలితనం లేదు. ఇనుములా ఉంది. ఆడుతూ, తోస్తూ, ఆమెను స్తంభం వెనక వంటశాల తలుపు దాకా తీసుకెళ్లాడు.

"ఇబాదాన్" అన్నాడు చెవిలో. "పచ్చ బట్ట."

గెద్ద గొంతు మారింది. ఇప్పుడది ముప్పయ్యేళ్ల గొంతు. "ఓ. ఆవిడా? పాపం, రంగు తప్పు కట్టుకొచ్చింది."

ఆ మాట అన్న తీరుకు అతని ఒంట్లో నెత్తురు మరిగింది. వీపు వెనక ఆమె వేళ్లను విరిచి, చేతిరుమాలుతో ఆ నోటు లాక్కున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, దాన్ని ఆమె నుదుటికి అద్దేద్దామనుకున్నాడు. ఎవరూ చూడటం లేదు. ఎవరూ తప్పనరు. సుంబోకు ఆఖరి పది నిమిషాలు ఎలా గడిచాయో దీనికీ తెలియాలి.

"అకిన్" అంది చెవిలో కోకర్ మేడమ్, మెల్లగా. "నాకు దాని నోరు కావాలి నాయనా."

అతను ఊపిరి పీల్చాడు. తర్వాత ఆమె నుదుటి మీద చెళ్లున ఒక నోటు అంటించి, అరచేత్తో అదిమి పట్టాడు.

గెద్ద వేసిన కేక డోలు చప్పుడులో కలిసిపోయింది. నేలమీద కూలబడింది. "తీయ్! తీసేయ్! విరుగుడు ఇకెజాలో ఉంది, డెల్‌మార్ ఇంట్లో! పది నిమిషాలే ఉంది, తీసుకెళ్లు నన్ను!"

"ఇకెజాలో ఎక్కడ?"

చెప్పింది. వీధి చెప్పింది, గేటు రంగు చెప్పింది. డెల్‌మార్ ఏ విమానం ఎక్కబోతున్నాడో చెప్పింది. తనను పంపింది రెమిలేకున్ అని, బట్ట కోసిచ్చింది రెమిలేకున్ అని, ఇబాదాన్‌లోనూ అదే పని చేసిందని ఏడుస్తూ చెప్పింది. కోకర్ మేడమ్ అన్నీ రాసుకుంది. పది నిమిషాలూ గెద్ద గోడకు చేరగిలబడి చావు కోసం ఎదురుచూసింది. అకిన్‌లబి ఎదురుగా గొంతుకూర్చుని, కన్నార్పకుండా, కడుపారా చూశాడు.

పదకొండో నిమిషంలో శాఖ వాళ్లు వచ్చి సంకెళ్లు వేశారు.

"నేను... చావలేదేం?" అంది గెద్ద.

"నీ నోటు నా రుమాల్లో ఉంది" అన్నాడు అకిన్‌లబి. "నీ నుదుటిమీదిది జడ్జి గారి భుజం మీంచి రాలినది. కింద ఇంకా చాలా పడున్నాయి, కావాలా?"

*

అదే సాయంత్రం, వాన వెలిశాక, అకిన్‌లబి బాలొగున్ వెళ్లాడు. రెమీ కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఫోన్ కోసం చూస్తోంది.

"ఏంటి ఫోటోగ్రాఫర్ గారూ, పార్టీ అప్పుడే అయిపోయిందా?"

అతను జేబులోంచి అసలు అసో ఎబి ముక్క తీసి, ఆమె లాప్‌టాప్ తెర మీదున్న ఫోటో పక్కన పెట్టాడు. తర్వాత డెస్క్‌టాప్ పక్కన పెట్టాడు. ఊదా తిరిగిన ఉల్లిపొర ఒకవైపు, ఇటుక ఒకవైపు.

రెమీ ఆ ముక్కను చూసింది. తెరను చూసింది. ఆమె మొహంలోంచి అందమంతా ఎక్కడికో జారిపోయింది.

"రెండూ కలిశాయిగా" అంది ఎండిపోయిన గొంతుతో. "రెండూ ఒకటేగా ఉన్నాయి, అందుకే..."

"అందుకే నమ్మావు. సుంబో కూడా ఇదే బల్ల దగ్గర నిన్ను నమ్మింది." అతను ఆ ముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆమె నా మనిషి, రెమీ. నీ బాకీ ఎలా తీర్చుకోనని అడిగావుగా. ఇదిగో, తీరింది."

బయట నిలబడ్డ ఇద్దరు లోపలికి వచ్చారు. పట్టు గౌను నేలమీద జీరాడుతుంటే ఆమె వాళ్ల మధ్య నడుచుకుంటూ పోయింది. మొహంలో నవ్వు లేకుండా ఆమె ఆ కొట్టు గుమ్మం దాటడం అదే మొదటిసారి.

సోమవారం జస్టిస్ సోవాండే నివేదిక ఇచ్చింది. డెల్‌మార్ విమానం అతను లేకుండానే ఎగిరింది.

అదే సోమవారం అకిన్‌లబి ఇకోయి వెళ్లాడు. కోకర్ మేడమ్ మళ్లీ అరటికాయ తింటోంది. సుంబో డైరీ వాళ్లమ్మకు పంపిస్తానంది. అతను లేచి గుమ్మం దాకా వెళ్లాక ఆవిడ గొంతు సవరించుకుంది.

"అకిన్, ఇంట్లో నాదొక లాప్‌టాప్ ఉందిలే. మనవడి ఫోటోలు మా అమ్మాయి పంపుతుంది. ఇక్కడ డెస్క్‌టాప్‌లో బాగానే ఉంటాడు, ఇంట్లో చూస్తే ఒళ్లంతా పచ్చగా కనిపిస్తాడు. కామెర్లేమోనని పోయిన నెల పిల్లాణ్ణి ఇద్దరు డాక్టర్లకి చూపించా. వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఇప్పుడు కాదులే, అలసిపోయావు. ఎప్పుడైనా తీరిక దొరికితే..."

అకిన్‌లబి జేబులోంచి తొండను తీశాడు.

"ఇల్లు ఎటువైపు మేడమ్? పదండి, ఇప్పుడే."